మొయినాబాద్ నుంచి సముద్ర గర్భానికి…

మెహదీపట్నంలో చేవెళ్ళ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. ఆప్పా జంక్షన్ దాటాక మర్రిచెట్ల దారి మొదలవుతుంది. బీజాపూర్ పోయే పాత రోడ్డిది. వెడల్పు చేస్తామన్న మాట వచ్చినప్పుడల్లా ఈ మర్రిమానుల కోసం జనం పోరాడారంటే వాటి మీద మమకారం ఎంతో తెలుస్తుంది. ఎడమచేతి వైపు హిమాయత్ సాగర్, కుడిచేతి వైపు మనమందరం గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్ సాగర్. ఆ దారిలోనే ఉంది మా మొయినాబాద్. పూలతోటలు, కూరగాయల మళ్ళు, పాడి గేదెలు, వాటి నడుమ ఎత్తైన గోడల ఫారం హౌసులు!

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసిన తర్వాత, మళ్ళీ అలాంటి వరద రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో తలపెట్టినవి ఈ రెండు చెరువులు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండు వైపులా ఇంత నీరున్నా దిగి ఈదడానికి మాత్రం లేదు. నగరం తాగే నీళ్ళవి. అదీగాక అడుగున బురద, గుంటలు. ఏటా ఎక్కడో ఒకచోట సరదాకి దిగినవాళ్ళ కబురు వింటూనే ఉంటాం. కాబట్టి ఈ చెరువుల్ని గట్టు మీద నుంచి చూసి, చిలుకూరు బాలాజీకి దణ్ణం పెట్టుకుని వచ్చేయడమే మర్యాద.

మరి ఇలాంటి చోటి నుంచి స్కూబా డైవింగ్ మాట ఎందుకు వచ్చిందంటారా? మా వదిన వల్ల.

మా వదిన పుట్టిల్లు చేవెళ్ళ దగ్గరి పల్లె. చిన్నప్పుడు నడుముకి బెండు కట్టించుకుని మోటబావిలో ఈత నేర్చిన మనిషి. పెళ్ళయ్యాక నీళ్ళంటే బిందెల నీళ్ళు, బట్టల నీళ్ళే. ఇప్పుడు నలభై ఆరేళ్ళు. మా మేనకోడలు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తోంది. తోటివాళ్ళతో అండమాన్ వెళ్ళి, చేపల మధ్య ఫోటోలు దిగి వచ్చింది. అవి చూసినప్పటి నుంచి వదిన ఒకటే పాట… “నేను గూడ దిగుత!”

అన్నయ్య నవ్వాడు. “ఈ వయసులో నీకెందుకే?” అన్నాడు. ఆ మాటతో వదిన పట్టు ఇంకా బిగిసింది. కోర్సు వెతికి పెట్టే బాధ్యత నా మీద పడింది. ఆ వెతుకులాటలో నేను తెలుసుకున్నవే ఈ నాలుగు ముక్కలు. మీ ఇంట్లోనూ పిల్లలో, మీరో సరదా పడుతుంటే పనికొస్తాయి.

మొదట ఒక అపోహ తీర్చేస్తాను. వీపున మోసే ఆ సిలిండర్లో ఉండేది ఆసుపత్రి ఆక్సిజన్ కాదు. మనం పీల్చే మామూలు గాలినే ఒత్తిపెట్టి నింపుతారు. 1943లో ఫ్రాన్సులో జాక్ కుస్తో, ఎమిల్ గన్యాన్ అనే ఇద్దరు, పీల్చినప్పుడు మాత్రమే కావలసినంత గాలి వదిలే సాధనం తయారుచేశారు. ఈనాటి స్కూబా అంతా దాని మీద నిలబడిందే. 

డైవా? కోర్సా?

మాకు మొట్టమొదట దొరికిన కాగితం ఇలా ఉంది: “ఈత రాకపోయినా పర్వాలేదు! ఇరవై నిమిషాలు! ఫోటోలు, వీడియో ఉచితం!” వదినకి తెగ నచ్చింది. కానీ ఇది కోర్సు కాదు. దీన్ని రుచి చూపించే డైవు అనుకోండి. శిక్షకుడు మీ సిలిండర్ పట్టుకుని, మిమ్మల్ని సంచీలా మోసుకు తిరుగుతాడు. పన్నెండు మీటర్ల లోతు దాటకూడదు, చాలాచోట్ల అంత లోతుకీ పోరు. బయటికొచ్చాక మీకు ఫోటో మిగులుతుందే తప్ప ఒంటరిగా ఏమీ చేయడం రాదు. అందులో తప్పేమీ లేదు. జీవితంలో ఒక్కసారి చూస్తే చాలనుకునేవారికి అది చాలు. కాకపోతే కోర్సు నేర్చుకున్నానని అనుకోవద్దు.

నిజమైన మొదటి కోర్సుని ఓపెన్ వాటర్ డైవర్ అంటారు. ఇంట్లో చదువుకునే పాఠాలు, ఈతకొలనులో అయిదు విడతల అభ్యాసం, ఆ తర్వాత సముద్రంలో నాలుగు డైవులు. పాసైతే ఒక కార్డు ఇస్తారు. దానితో ప్రపంచంలో ఎక్కడైనా, తోడు ఒకరిని పెట్టుకుని పద్దెనిమిది మీటర్ల దాకా దిగవచ్చు. కార్డుకి గడువు లేదు. ఏళ్ళ తరబడి దిగకపోతే మళ్ళీ ఒకసారి పాఠం తిరగేయమంటారు, అంతే. పదేళ్ళు నిండిన పిల్లలు కూడా చేరవచ్చు. ఈ రెంటికీ మధ్య సగం కోర్సు ఒకటుంది. దానితో పన్నెండు మీటర్ల దాకా, అదీ శిక్షకుడి వెంటే దిగాలి. సెలవు తక్కువున్నవారికి అది ఉపయోగం.

కార్డు ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. 1966లో అమెరికాలో పుట్టిన పాడి, ఇంకా ఎస్.ఎస్.ఐ., సీమాస్ అనేవి ఎక్కువగా వినబడతాయి. “పాడియా? మన బర్రెలదా?” అని మా వదిన అమాయకంగా అడిగితే ఫోనులో అవతలి అబ్బాయి అయిదు నిమిషాలు నవ్వాడు! ఏ సంస్థ కార్డు అన్నది పెద్ద విషయం కాదు. ఒకరి కార్డు ఇంకొకరు ఒప్పుకుంటారు. పెద్ద విషయం వేరే ఉంది, అక్కడికే వస్తున్నాను.

సగం చదువు ఇంటి దగ్గరే

మన హైదరాబాదు చుట్టుపక్కల వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. పాఠాలూ, కొలను అభ్యాసమూ ఊళ్ళోనే ముగించి, ఆ కాగితం పట్టుకుని వెళ్ళి సముద్రం డైవులు నాలుగూ వేరేచోట చేయవచ్చు. రిఫరల్ అంటారు. ఏడాది లోపల పూర్తిచేయాలి. గృహిణులకి నేను ఈ పద్ధతే చెబుతాను. పిల్లల పరీక్షలు, అత్తమామల మందులు, చుట్టాల రాకపోకల మధ్య వరసగా నాలుగైదు రోజులు ఊరుగాని ఊళ్ళో ఉండి నేర్చుకోవడం ఎంతమందికి కుదురుతుంది? ఆదివారం పొద్దున మూడు గంటలంటే కుదురుతుంది. పైగా భయమేదో ఉంటే అది మెడలోతు నీళ్ళలోనే బయటపడుతుంది. అండమాన్ దాకా టిక్కెట్లు కొనుక్కుపోయాక బయటపడటం కంటే ఇది నయం కదూ!

అయితే ఫారం హౌసుల్లో ఉన్న ప్రతి కొలనూ పనికిరాదు. కొన్ని అందానికి కట్టినవి, నడుములోతు కూడా ఉండవు. కొన్నింటి దగ్గర కాపలా మనిషైనా ఉండడు. మేం చూసినవాటిలో ఒకదాని నీళ్ళు అడుగు కనబడనంత ఆకుపచ్చగా ఉన్నాయి. ముందు ఒక ఆదివారం ఊరికే వెళ్ళి చూడండి. శిక్షకుడు వేరేవాళ్ళకి నేర్పుతుంటే గట్టు మీద కూర్చుని గమనించండి. చూడనివ్వమన్నారంటే అక్కడికి వెళ్ళక్కర్లేదు.

ఈత సంగతి. రుచి డైవుకి ఈత రాకపోయినా సరే గానీ, కోర్సుకి రావాలి. ఆగకుండా రెండు వందల మీటర్లు ఈదాలి. ఏ పద్ధతిలో ఈదినా సరే, వేగంతో పని లేదు. పాతిక మీటర్ల కొలనులో ఎనిమిది లెంగ్తులు. తర్వాత పది నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా నీటి మీద తేలాలి. “చిలుకూరుల నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసిన, ఎనిమిది తిరగలేనా?” అంది వదిన. మొదటి రోజు రెండు తిరిగేసరికి గట్టు పట్టుకుని ఆయాసపడింది. బావి ఈత వేరు, కొలను ఈత వేరు. ఈత అసలు రానివారు నాలుగైదు నెలలు ముందు ఈతే నేర్చుకోవాలి. “ఈత పరీక్ష అక్కర్లేదు, కార్డు ఇచ్చేస్తాం” అనేవాళ్ళుంటారు. వాళ్ళు మీకు మేలు చేయడం లేదు.

బొటనవేలి భాష

నీటి అడుగున మాటలుండవు, సైగలే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే బాగున్నానని. బొటనవేలు పైకెత్తితే మనం ఒడ్డున అనుకునే ‘భేష్’ కాదు, ‘పైకి వెళ్ళిపోదాం’ అని. డైవింగులో ఒక నియమముంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా బొటనవేలు ఎత్తవచ్చు. ఎత్తితే అందరూ పైకి రావలసిందే. ఎందుకని అక్కడ అడగరు, తర్వాత సాధించరు.

ఈ నియమం విన్నప్పుడు నాకు మన ఆడవాళ్ళే గుర్తుకొచ్చారు. తలనొప్పిగా ఉన్నా వచ్చినవాళ్ళకి టీ పెడతాం. బస్సులో కడుపులో తిప్పుతున్నా పక్కవాళ్ళకి చెప్పం. ‘నా వల్ల అందరికీ ఎందుకు ఇబ్బంది’ అని సర్దుకుపోవడం మనకి అలవాటు. నేల మీద అది ఎలాగో గడిచిపోతుంది. నీటి కింద మాత్రం గడవదు. చెవి నొప్పిని ఓర్చుకుంటూ దిగితే కర్ణభేరి చిరగొచ్చు. భయం పట్టుకుంటే గాలి ఇట్టే అయిపోతుంది.

వదిన వెళ్ళిన మొదటి చోట జరిగింది చెబుతాను. ఆ చోటు పేరు అనవసరం. ముక్కునీ కళ్ళనీ కప్పే మాస్కులోకి కావాలని కాస్త నీళ్ళు రానిచ్చి, ముక్కుతో ఊది బయటికి పంపడం ఒక పాఠం. అందరూ భయపడేది దీనికే. వదిన ముక్కులోకి నీళ్ళెక్కి, బొటనవేలెత్తింది. ఆ కుర్రాడు ఆమె భుజం నొక్కి కిందే ఉంచాడు! పైకొచ్చాక, “ఒక్క నిమిషం ఓర్చుకుంటే అయిపోయేది ఆంటీ, డబ్బులు కట్టారుగా” అన్నాడు. వదిన ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. “నాకు ఊపిరాడలే, చెప్పిన గూడ ఇనలే” అంది రాత్రి. అన్నయ్యకి మాత్రం చెప్పొద్దంది. చెబితే మళ్ళీ పంపడని. నాకు ఆ కుర్రాడి మీద కోపం కంటే, ఆవిడ ఇక దిగదేమోనన్న బెంగే ఎక్కువైంది.

మూడు వారాల తర్వాత ఇంకో చోటికి వెళ్ళాం. ఈసారి డబ్బు కట్టకముందే నేను ఒకటే ప్రశ్న వేశాను: “మధ్యలో పైకి రావాలనిపిస్తే ఏం చేస్తారు?” ఆయన నడివయసు మనిషి. “తీసుకొస్తానమ్మా. కాసేపు కూర్చుంటాం. దిగాలనిపిస్తే మళ్ళీ దిగుతాం, లేకపోతే వచ్చేవారం” అన్నాడు. “ఆ వారానికి మళ్ళీ డబ్బా?” “కోర్సులో భాగమే.” అదే మాస్కు పాఠంలో వదిన రెండుసార్లు పైకొచ్చింది. రెండుసార్లూ ఆయన ఆమెతోపాటే పైకి వచ్చాడు, ఏమైందని తల నీళ్ళ బయటికి వచ్చాకే అడిగాడు. మూడోసారి ఆవిడ మాస్కు ఖాళీ చేసి సున్నా చుట్టి చూపించింది!

కోర్సు ఎంచుకోవడమంటే నా దృష్టిలో ఈ మనిషిని ఎంచుకోవడమే. ఆయన శిక్షకుడి నంబరు అడగండి, కార్డిచ్చే సంస్థ వెబ్‌సైటులో కొట్టి చూసుకోవచ్చు. మీకు తెలిసిన భాషలో చెప్పగలడా చూడండి. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా మాట మనదైతే సగం భయం పోతుంది. ఒక్కసారికి ఎంతమందిని దింపుతాడో అడగండి. సముద్రంలో ఒక్కరి చేతికింద ఎనిమిది మందికి మించరాదని పాడి నియమం. నన్నడిగితే నలుగురే ఎక్కువ. పడవ మీద ఆక్సిజన్ ఉంటుందా? దగ్గరి ఆసుపత్రి ఏది? సిలిండర్ గాలికి నూనె వాసన వస్తే నోట పెట్టుకోకండి. ఇక ఫీజు మంచి పట్టుచీరలు రెండు మూడు కొన్నంత అవుతుంది కాబట్టి, అందులో పుస్తకం, కార్డు, సామాను, పడవ అన్నీ కలిసి ఉన్నాయా లేక తర్వాత ఒక్కొక్కటే వచ్చి పడతాయా అన్నది కాగితం మీద రాయించుకోండి.

పూరీ, గోలీసోడా

అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం: నీటి కింద ఊపిరి బిగబట్టకూడదు, ఎప్పుడూ. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలు. అక్కడ గుండె నిండా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే, కాగే నూనెలో పూరీలా పొంగి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు తట్టుకోలేవు. ఎడతెగకుండా పీలుస్తూ, వదులుతూ ఉండాలి. నెమ్మదిగా పైకి రావడం కూడా అందుకే, ఇంకో కారణం గోలీసోడా. లోతులో ఉన్నంతసేపూ గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. గబుక్కున పైకొస్తే గోలీ కొట్టిన సోడాలాగా బుడగలు కడుతుంది. ఆ బుడగలు కీళ్ళలో, నరాల్లో చేరితే ప్రమాదం.

అందుకే చేరేముందు ఆరోగ్యం గురించి ఒక ప్రశ్నల కాగితం ఇస్తారు. ‘అన్నిటికీ లేదని టిక్కు పెట్టేయండి’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషను, షుగరు, బి.పి. మాత్రలు… ఏది ఉన్నా డాక్టరు సంతకం కావాలి. సంతకం దొరకకపోతే ఒడ్డున కూర్చుని చేపలు చూసినా తప్పులేదు. గర్భిణులు అసలు దిగకూడదు, అనుమానం ఉన్నా సరే. జలుబు చేస్తే ఆ రోజు మానేయాలి. ముక్కు బిగిస్తే చెవులు తెరుచుకోవు. ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవులు సర్దుకోవడం మొదటి అడుగులోనే నేర్పుతారు. నొప్పి వచ్చేదాకా ఆగి చేసేది కాదది. నెలసరికి మాత్రం అడ్డేమీ లేదు, ఒంట్లో ఓపికని బట్టి.

బట్టల గురించి మొహమాటపడేవారికి శుభవార్త. మెడ నుంచి చీలమండల దాకా కప్పే రబ్బరు సూటు ఉంటుంది. లోపల లెగ్గింగు, బిగుతు బనీను చాలు. జడ గట్టిగా అల్లుకోవాలి, వెంట్రుకలు మాస్కు అంచులో ఇరికితే నీళ్ళు కారతాయి. గాజులు, వేలాడే గొలుసులు ట్యూబులకి తగులుకుంటాయి. మంగళసూత్రం తీయడానికి మా వదిన ఒప్పుకోలేదు. పసుపుతాడుకి మార్చుకుని సూటు లోపలికి దోపుకుంది. ఆయనా సరేనన్నాడు. దిగేముందు రెండు ఇడ్లీలు, బాగా నీళ్ళు. పెసరట్టు ఉప్మా పైకొచ్చాకే!

ఏ సముద్రం?

తెలుగువాళ్ళకి చేరువ విశాఖపట్నం. రుషికొండ, మంగమారిపేట వైపు డైవింగ్ నేర్పేవాళ్ళున్నారు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కాబట్టి, అందులో పనిచేసి వచ్చిన డైవర్ల దగ్గర నేర్చుకునే వీలూ ఉంది. తెలుగులో మాట్లాడే శిక్షకుడు కావాలంటే మొదట చూడవలసింది ఇక్కడే. అండమాన్ అంత తేట నీళ్ళు మాత్రం ఆశించకండి. బంగాళాఖాతం ఒకరోజు అద్దంలా ఉంటే మర్నాడు కలక. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు, పడవలు కదలవు. ఎప్పుడు వెళ్ళినా రెండు రోజులు అదనంగా చేతిలో పెట్టుకోవాలి. ఆ ఖాళీ రోజుల్లో బీచ్ రోడ్డులో కురుసుర చూడండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి, 2002 నుంచి మ్యూజియం. అంత ఇరుకులో వంటగది ఎలా అమర్చారో చూస్తే మన వంటిల్లు రాజమహలే.

పుదుచ్చేరి, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి కూడా బాగుంటాయంటారు. అండమాన్‌లో డైవింగ్‌కి పేరున్నది హావ్‌లాక్ దీవి. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. విమానం అక్కడ దిగి, ఓడలో దీవికి చేరాలి. ఖర్చు ఎక్కువే, కానీ నీటి రంగు చూశాక ఎవరూ ఖర్చు తలుచుకోరని మా మేనకోడలు అంటుంది.

విశాఖ వెళ్ళే మన కుటుంబాలు తప్పక గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. పొద్దున సముద్రం, సాయంత్రం అరకు అని ప్రోగ్రాం వేయకండి! డైవు చేసిన ఒంట్లో నత్రజని ఇంకా మిగిలి ఉంటుంది. ఆ స్థితిలో విమానం ఎక్కినా, కొండెక్కినా గోలీసోడా కథే. ఒక్క డైవు అయితే కనీసం పన్నెండు గంటలు, ఎక్కువ చేస్తే పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదంటారు. ఒకరోజు పూర్తిగా ఆగితే ఇంకా మంచిది. అరకు సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, ఘాట్ రోడ్డు ఇంకా పైకి పోతుంది. ఆరు వందల మీటర్లు దాటే కొండ ప్రయాణాన్ని విమానంతో సమానంగా చూడమని డైవింగ్ వైద్యం చెబుతుంది. కాబట్టి అరకు, బొర్రా గుహలు ముందు, సముద్రం తర్వాత. తిరుగు ప్రయాణానికి రైలు హాయి. మన హైదరాబాదు ఎత్తు ఆ ఆరు వందల లోపే.

వదిన సంక్రాంతి తర్వాతి వారానికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రెండు టిక్కెట్లు తీయమంది, ఒకటి తనకి, ఒకటి అన్నయ్యకి. ఆయన దిగడట, గట్టు మీద కూర్చుని తువ్వాలు పట్టుకుంటాడట. ముందు అరకు, తర్వాత రుషికొండ, ఆఖరి డైవు మర్నాడు విశ్రాంతి, ఆ మర్నాడు బండి. పులిహోర, దద్ధోజనం నేను కట్టివ్వాలట. ఈత పరీక్షకి ఇంకా నెల ఉంది. ఆదివారం కొలను గట్టు మీద కూర్చుని నేనే లెక్కపెట్టాను. ఎనిమిదిలో ఆరు లెంగ్తులు ఆగకుండా ఈదింది.